డబుల్ క్యాబ్ పికప్‌లో సబ్‌వూఫర్: సీటు కిందా, సీటు వెనకా, లేక అసలు అక్కర్లేదా?

రేణిగుంట వీక్రాస్:
అందరికీ నమస్కారం. నా దగ్గర ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ ఉంది. మా పక్కనున్న శ్రీసిటీలో తయారైన బండి అన్న అభిమానంతో కొన్నాను, ఇంజను మీదా సస్పెన్షన్ మీదా నాకు ఏ ఫిర్యాదూ లేదు. లోటల్లా పాటల్లో బేస్ లేకపోవడమే. మృదంగం ఎడమ వైపు పలికే గంభీరమైన నాదం, పాత సినిమా పాటల్లో అడుగున సాగే బేస్ గిటార్, డప్పు దరువులోని బరువు, ఇవేవీ కంపెనీ స్పీకర్లలో సరిగా వినపడవు. వాల్యూం పెంచితే పాట కంటే ముందు తలుపులు గలగలలాడుతున్నాయి. అందుకే సబ్‌వూఫర్, అంటే బేస్ మాత్రమే పలికే ప్రత్యేకమైన స్పీకర్, పెట్టిద్దామనుకుంటున్నాను.

తిరుపతిలో ఒక డెకార్ షాపువారు వెనక సీటు వెనకాల 12 అంగుళాల పోర్టెడ్ బాక్సు (గాలి పోయే గొట్టం ఉన్న స్పీకర్ పెట్టె), దానికి వెయ్యి వాట్ల యాంప్ (యాంప్లిఫయర్) పెట్టించుకోమంటున్నారు. మరో షాపువారు డ్రైవర్ సీటు కింద పట్టే పల్చటి యాక్టివ్ సబ్‌వూఫర్ చాలంటున్నారు. కారుకైతే డిక్కీ ఉంటుంది కనుక ఇంత ఆలోచన అక్కర్లేదు. మనకు వెనక ఉన్నది వానకూ దుమ్ముకూ తెరిచి ఉన్న తొట్టి. వెనక సీట్లో మా అమ్మగారూ, ఇద్దరు పిల్లలూ కూర్చుంటారు, చిన్నవాడికి చైల్డ్ సీటు బిగిస్తాం. ఏది మేలో కారణాలతో సహా చెప్పగలరని కోరుతున్నాను.

కడప డీజిల్:
రేణిగుంట గారూ, నిస్సందేహంగా సీటు కింది యాక్టివ్ యూనిట్ పెట్టించుకోండి. నా టయోటా హైలక్స్ పికప్‌లో అదే ఉంది. యాంప్ దాని ఒంట్లోనే ఉంటుంది కాబట్టి వేరే పెట్టె, వేరే యాంప్, లావుపాటి వైరు ఏవీ అవసరం లేదు. కంపెనీ స్టీరియోకు ఆర్‌సీఏ అవుట్‌పుట్ (యాంప్‌కు సిగ్నల్ ఇచ్చే సాకెట్) లేకపోయినా స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకుంటుంది. చిన్న నాబ్ ఒకటి గేరు పక్కన అతికించుకుంటే పాటను బట్టి బేస్ పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. రేపు బండి అమ్మేటప్పుడు విప్పుకుని వెళ్లిపోవచ్చు. పికప్‌లో జాకీ, పనిముట్లు, పిల్లల బ్యాగులు అన్నిటికీ వెనక సీటు చుట్టుపక్కల ఉన్న ఆ కాస్త చోటే గతి. దాన్ని ఒక చెక్కపెట్టెకు రాసివ్వడం నాకు సమంజసంగా తోచదు.

సీల్డ్ బాక్స్ పక్షపాతి:
కడప మిత్రులు చెప్పిన సౌకర్యాలన్నీ నిజమే. అయితే అవన్నీ బిగింపుకు సంబంధించినవి, అడిగిన ప్రశ్న బేస్‌కు సంబంధించినది. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవగలరు.

ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కనుక 40 హెర్ట్జ్ శబ్దం తరంగదైర్ఘ్యం ఎనిమిదిన్నర మీటర్లు. మన క్యాబిన్ ముందు అద్దం నుంచి వెనక అద్దానికి రెండున్నర మీటర్లనుకుందాం. ఆ తరంగం పూర్తిగా సాగడానికి అందులో చోటే లేదు. కోన్ ముందుకు కదిలినప్పుడు లోపలి గాలి మొత్తం ఒక్కసారిగా నొక్కుకుంటుంది, వెనక్కి జరిగినప్పుడు సడలుతుంది. అందువల్ల, క్యాబిన్ పొడవు తరంగదైర్ఘ్యంలో సగానికి సమానమయ్యే చోటు నుంచి, అంటే మన లెక్కలో 70 హెర్ట్జ్ దరిదాపుల నుంచి, కిందికి దిగేకొద్దీ బండే బేస్‌ను పెంచుతూ పోతుంది. గాలి చొరబడని గట్టి గదిలోనైతే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ ఈ పెరుగుదల 12 డెసిబెల్స్ ఉండాలి. బండిలో పైకప్పు రేకూ తలుపు అట్టలూ వంగుతాయి, సందుల్లోంచి గాలి పోతుంది, కాబట్టి అంత రాదు. అయినా చెవికి స్పష్టంగా తెలిసేంత వస్తుంది.

సీల్డ్ బాక్సు, అంటే గాలి పోయే దారి లేకుండా పూర్తిగా మూసిన పెట్టె, స్వభావం దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. దాని రెజొనెన్స్‌కు (సహజంగా కంపించే ఫ్రీక్వెన్సీకి) కింద, ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ దాని మోత 12 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. పెట్టె వదిలేసిన చోట క్యాబిన్ అందుకుంటుంది, కనుక చిన్న పెట్టె నుంచి కూడా 30 హెర్ట్జ్ వరకు సమంగా సాగే బేస్ దొరుకుతుంది. షాపువారు చెప్పిన పోర్టెడ్ బాక్సు సంగతి వేరు. పోర్టు 35, 40 హెర్ట్జ్ దగ్గర ఊతమిస్తుంది, క్యాబిన్ కూడా అక్కడే ఊతమిస్తుంది, రెండూ కలిసి ఏ పాట పెట్టినా ఒకే స్వరంలో గుబగుబలాడిస్తాయి. పైగా 12 అంగుళాల డ్రైవర్‌కు (పెట్టెలో బిగించే స్పీకర్‌కు) పోర్టెడ్ పెట్టె అంటే సాధారణంగా యాభై లీటర్ల మాట. డబుల్ క్యాబ్‌లో అంత పెట్టె పెడితే వెనక సీటు నిటారుగా నిలబడుతుంది, మీ అమ్మగారు గంటసేపు కూడా కూర్చోలేరు.

ఇక వెయ్యి వాట్ల మాట. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు మోతగా తోచాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదిరెట్ల శక్తి కావాలి. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే అంకె చాలావరకు పీక్ పవర్, అంటే క్షణకాలం మాత్రమే ఇచ్చే శక్తి. మీరు చూడవలసినది చిన్నక్షరాల్లో ఉండే ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇవ్వగల శక్తి. నా సలహా: 10 అంగుళాల షాలో మౌంట్ (లోతు తక్కువ ఉన్న) డ్రైవర్, 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్కపలకతో చేసిన పదిహేను నుంచి ఇరవై లీటర్ల సీల్డ్ బాక్సు, 300 వాట్ల ఆర్‌ఎంఎస్ ఇచ్చే క్లాస్-డి మోనో యాంప్ (కరెంటు తక్కువ వృథా చేసే, ఒకే చానల్ ఉన్న రకం). అంతకు మించి ఈ క్యాబిన్‌కు అవసరం లేదు.

వైరింగు గురించి మాత్రం ఎంత చెప్పినా ఎక్కువ కాదు, ఎందుకంటే డబ్బు మిగుల్చుకోవడానికి షాపుల్లో మొదట కోత పడేది ఇక్కడే. 300 వాట్లు బయటికి రావాలంటే, 80 శాతం సామర్థ్యం ఉన్న యాంప్ 375 వాట్లు లాగుతుంది, 13.8 వోల్టుల దగ్గర అది 27 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి యాంప్ దాకా ఐదు మీటర్ల వైరు పడుతుందనుకుంటే, 8 చదరపు మిల్లీమీటర్ల నికరమైన రాగి వైరులో దాదాపు 0.3 వోల్టులు పోతాయి, 21 చదరపు మిల్లీమీటర్ల వైరులో 0.1 వోల్టు పోతుంది. అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైరు చూడ్డానికి లావుగానే ఉంటుంది గానీ విద్యుత్ వాహకతలో రాగికి మూడింట రెండు వంతులకు మించదు. చివర కొద్దిగా ఒలిచి, కత్తితో గీకి చూడండి. తెల్లగా కనపడితే వెనక్కిచ్చేయండి. 40 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి, ఎందుకంటే ఆ ఫ్యూజు కాపాడవలసింది వైరును. ఇంజను గదికీ క్యాబిన్‌కూ మధ్య రేకులో వైరు దూరే చోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) లేకపోతే, గతుకుల్లో పైతొడుగు అరిగి, రాగి రేకుకు తగిలిన నాడు బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. దగ్గర్లో ఫ్యూజు లేకపోతే బండి తగలబడుతుంది. ఎర్తు వైరు పొట్టిగా ఉండాలి, రంగు గీకి మెరిసే రేకు కనపడిన చోట బోల్టుతో బిగించాలి. సులువని సీటుబెల్టు బోల్టు కింద దూర్చే అలవాటు కొందరికుంది, దానికి మీరు ఎంతమాత్రం ఒప్పుకోకండి.

విశాఖ శ్రోత:
నా ఉద్దేశంలో రెండూ తొందరపాటే. రేణిగుంట గారి తలుపులు గలగలలాడుతున్నాయి, అంటే వ్యాధి తలుపుల్లో ఉంది. తలుపు లోపలి రేకుకు అరచెయ్యి పట్టేంత రంధ్రాలుంటాయి. స్పీకర్ వెనక నుంచి వచ్చే గాలి ఆ రంధ్రాల్లోంచి ముందుకొచ్చి, ముందు నుంచి వచ్చే దాన్ని రద్దు చేస్తుంది, అందుకే ఉన్న బేస్ కూడా వినపడదు. బ్యూటైల్ షీటుతో (రేకు కంపనాన్ని అణచే అతుక్కునే రబ్బరు షీటుతో) ఆ రంధ్రాలు మూయించి, బయటి రేకుకు లోపల నుంచి అదే షీటు అతికించి, మంచి ఆరున్నర అంగుళాల స్పీకర్లు వేయించండి. కిటికీ మెకానిజానికీ, అడుగున నీరు కారే కంతలకూ షీటు అడ్డురాకుండా చూసుకోండి. ఆ తరువాత కూడా లోటనిపిస్తే అప్పుడు సబ్‌వూఫర్ మాట.

ఇంకొక విషయం కూడా ఆలోచించండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి; రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. తలుపులు మూసినా బేస్ బయటికి పోతుంది. ఫోన్‌లో యాప్ 80 చూపిస్తోంది కదా, పిల్లల చెవులకు పర్వాలేదు అనుకోకండి. ఆ అంకె సాధారణంగా ఏ-వెయిటింగ్‌లో (చెవికి వినపడే తీరును బట్టి సర్దే కొలతలో) ఉంటుంది, అందులో 40 హెర్ట్జ్ శబ్దాన్ని దాదాపు 35 డెసిబెల్స్ తగ్గించి లెక్కిస్తారు. క్యాబిన్‌లో ఉన్న అసలు ఒత్తిడి యాప్‌లో కనపడదు.

సీల్డ్ బాక్స్ పక్షపాతి:
విశాఖ గారి మాటలో మొదటి సగాన్ని పూర్తిగా ఒప్పుకుంటున్నాను. తలుపుల పని ముందు జరగాలి. కానీ ఆరున్నర అంగుళాల స్పీకర్‌కు ఒక హద్దుంది. అదే మోతతో 80 నుంచి 40 హెర్ట్జ్‌కు దిగాలంటే కోన్ నాలుగు రెట్ల దూరం కదలాలి. అంత ప్రయాణం ఆ స్పీకర్‌లో లేదు, షీటు ఎంత అతికించినా రాదు. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది స్వరం 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. రేణిగుంట గారు వెతుకుతున్నది అదే.

డాలస్ ఎఫ్-150:
ఇక్కడ టెక్సస్‌లో ఈ వాదం దాదాపు తీరిపోయింది, కానీ మీకు పనికొచ్చే కారణంతో కాదు. ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌లోని సూపర్‌క్రూ (నాలుగు తలుపుల) రకంలో వెనక సీటు అడుగు పైకి లేస్తుంది, కింద చదునైన నేల ఉంటుంది, కాబట్టి ఆ ఖాళీకి సరిపోయేలా ముందే చేసిన పెట్టెలు, డ్రైవర్ నేలవైపు తిరిగి ఉండేవి, విరివిగా దొరుకుతాయి. నాదీ అలాంటిదే. ఆ పెట్టెల ఫోటోలు చూసి డీ-మ్యాక్స్‌కు అలాంటిదే చేయించాలని బయలుదేరవద్దు, వెనక సీటు కింద ఖాళీ ఏ బండికాబండికి వేరు.

ఒక హెచ్చరిక మాత్రం ఏ బండికైనా చెల్లుతుంది. మా బండ్లలో ఇంజను హోరును అణచడానికి స్పీకర్ల ద్వారానే ఎదురు శబ్దం పంపే యాక్టివ్ నాయిస్ కంట్రోల్ ఉంటుంది. కొత్త సబ్‌వూఫర్ పెట్టగానే ఆ వ్యవస్థ దాని బేస్‌ను కూడా హోరుగా భావించి తికమకపడుతుంది, పాట ఆపినా క్యాబిన్‌లో ఒక మూలుగు మిగులుతుంది. అందుకే ఇక్కడి ఇన్‌స్టాలర్లు ముందు దాన్ని ఆపుచేస్తారు. మీ బండి స్టీరియో స్పీకర్లకు ఏం పంపుతోందో కొలవకుండా వైరు కోయనివ్వకండి.

కడప డీజిల్:
సీల్డ్ బాక్స్ గారి లెక్కలు బాగున్నాయి, వాటిని నేను కాదనను. కానీ ఒక లెక్క ఆయన వేయలేదు. డ్రైవర్, యాంప్, ఎండీఎఫ్ కలిపి ఆ పెట్టె పద్దెనిమిది కిలోలకు తక్కువ ఉండదు. గట్టి ప్రమాదంలో 20 జీ (గురుత్వ త్వరణానికి ఇరవై రెట్లు) వేగమార్పు వస్తే అది 360 కిలోల బరువుతో సీటు వీపును నెడుతుంది. ఆ సీటుకు ఆనుకుని కూర్చునేది పిల్లలు. పైగా చాలా డబుల్ క్యాబ్‌లలో చైల్డ్ సీటు పై పట్టీ తగిలించే కొక్కెం వెనక సీటు వీపు వెనకాలే ఉంటుంది. పెట్టె దాన్ని కప్పేస్తే, పట్టీ తగిలించలేక వదిలేస్తారు. మంచి బేస్ కోసం ఆ పట్టీ వదులుకోవచ్చా? సీటు కింది యూనిట్‌తో 45 హెర్ట్జ్ కింద కొంత పోతుంది, ఒప్పుకుంటాను. పోనివ్వండి.

సీల్డ్ బాక్స్ పక్షపాతి:
ఈ అభ్యంతరానికి నా దగ్గర ఒక్కటే సమాధానం: కొక్కేన్ని పెట్టె కప్పేటట్టయితే పెట్టె వద్దు. కప్పనట్టయితే, పెట్టెను ఇనుప పట్టీలతో క్యాబిన్ వెనక గోడ రేకుకు బోల్టులతో బిగించాలి. వెల్క్రో, స్క్రూలు, సీటు ఒత్తిడే పట్టుకుంటుందనే భరోసా ఏవీ చాలవు. యాంప్‌ను పెట్టె మీద కాకుండా విడిగా బిగిస్తే పెట్టె బరువు కొంత తగ్గుతుంది.

అయితే సీటు కింద కూడా అంతా క్షేమం కాదు. పక్క ఎయిర్‌బ్యాగులు ఉన్న వేరియంట్లలో సీటు అడుగున పసుపు రంగు కనెక్టర్లు కనపడతాయి, అవి ఎయిర్‌బ్యాగ్ వైరింగు. యూనిట్ దూర్చడానికి వాటిని లాగితే డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతుంది, ఆ దీపం వెలిగినప్పుడు ప్రమాదంలో బ్యాగు తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. కరెంటు మోటారుతో జరిగే సీటైతే, సీటు పూర్తిగా కిందికీ వెనక్కీ దించి, ఇనుప చట్రం యూనిట్‌కు తగలడం లేదని చూశాకే బిగించాలి. వానాకాలంలో చెప్పుల తడి చేరేది కూడా ఆ కార్పెట్ మీదికే.

రేణిగుంట వీక్రాస్:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం వెనక సీటు వీపు ముందుకు వంచి చూశాను. వెనక ఖాళీ పైన ఇరుకు, కిందికి వెడల్పు. పట్టీ కొక్కేలు పైభాగంలో ఉన్నాయి, వాటికి చెయ్యి పట్టేంత చోటు వదిలినా కింద ఒక వాలు పెట్టె పట్టేలా ఉంది, కానీ లోతు చాలా తక్కువ. అట్టముక్కతో నమూనా చేసి లీటర్లు లెక్కవేస్తాను. ముందు తలుపుల పని చేయిస్తున్నాను. నమూనా పద్నాలుగు లీటర్లకు తక్కువ వచ్చినా, కొక్కేనికి అడ్డమొచ్చినా కడప గారి దారిలోనే వెళ్తాను. ఏది పెట్టించినా సెట్టింగులు ఎలా ఉండాలో చెప్పగలరా?

సీల్డ్ బాక్స్ పక్షపాతి:
సబ్‌వూఫర్‌కు లో-పాస్ (ఆ అంకె కింది శబ్దాలనే పోనిచ్చే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర, వీలైతే తలుపు స్పీకర్లకు హై-పాస్ (పై శబ్దాలనే పోనిచ్చేది) అదే అంకె దగ్గర పెట్టండి. కింది భారం తగ్గాక ఆ స్పీకర్లు కూడా నిర్మలంగా పలుకుతాయి. బేస్ బూస్ట్ సున్నాలోనే ఉంచండి. గెయిన్ అంటే వాల్యూం కాదు, స్టీరియో సిగ్నల్‌కు యాంప్‌ను సరిపెట్టే నాబ్: స్టీరియోను నాలుగింట మూడు వంతులకు పెంచి, గెయిన్‌ను అడుగు నుంచి నెమ్మదిగా తిప్పుతూ, స్వరం చీలినట్టు వినపడగానే కాస్త వెనక్కి తెచ్చి వదిలేయండి. చివరగా మృదంగం స్పష్టంగా ఉన్న ఒక పాట పెట్టి, డ్రైవర్ సీట్లో కూర్చుని, ఫేజ్ స్విచ్ (కోన్ కదలిక దిశను తిరగేసే మీట) రెండు వైపులా మార్చి వినండి. ఎటు వైపు బేస్ నిండుగా, ముందు అద్దం దిక్కు నుంచి వస్తున్నట్టు తోస్తే అక్కడ ఉంచండి. ఇంజను ఆరంభించాక రేసు పెంచినకొద్దీ కూత పెరుగుతుంటే ముందు ఎర్తు బోల్టు చూడండి, తరువాత సిగ్నల్ వైరు కరెంటు వైరు పక్కనే పోతోందేమో చూసి, రెండిటినీ బండి చెరో పక్క నుంచి లాగించండి.