షుగర్ తగ్గడానికే ఆపరేషన్ అయితే, ముందు షుగర్ తగ్గించుకుని రమ్మనడం న్యాయమేనా?

నీలిమేఘం:

మా తమ్ముడి సంగతి అడుగుతున్నాను. వయసు 44, బీఎంఐ (ఎత్తుని బట్టి చూసే బరువు లెక్క) 41, టైప్ 2 షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడతాడు, రాత్రిపూట ఇన్సులిన్ కూడా ఉంది. బరువు తగ్గే ఆపరేషన్‌కి ఒప్పుకోవడానికే వాడికి చాలా కాలం పట్టింది. తీరా మనసు గట్టి చేసుకుని గ్యాస్ట్రిక్ బైపాస్‌కి (పొట్టని చిన్నది చేసి నేరుగా పేగుకి కలిపే ఆపరేషన్) సిద్ధమయ్యాక, మూడు నెలల సగటు, అదే హెచ్‌బీఏ1సీ, 9.4 ఉందని వాయిదా వేశారు. 8 లోపుకి తెచ్చుకుని రమ్మన్నారు. "అది నా వల్ల అయ్యే పనైతే కడుపు కోయించుకోవడం ఎందుకక్కా?" అంటున్నాడు. నాకు జవాబు తోచలేదు. ఈ వాయిదా నిజంగా అవసరమా?

నిక్కచ్చి:

అవసరం లేదనే నేనంటాను, నీలిమేఘం గారూ.

ఈ ఆపరేషన్ షుగర్ మీద ఎంత పనిచేస్తుందో చూపిన పరిశోధనల్లో బాగా పేరున్నది అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ చేసిన స్టాంపీడ్. 150 మందిని తీసుకున్నారు. మొదట్లో వాళ్ల సగటు హెచ్‌బీఏ1సీ 9.2. అంటే అచ్చం మీ తమ్ముడిలాంటి వాళ్లే. ఐదేళ్ల తర్వాత చూస్తే హెచ్‌బీఏ1సీ 6 లేదా ఇంకా తక్కువలో ఉన్నవాళ్లు బైపాస్ చేయించుకున్న వాళ్లలో 29 శాతం, స్లీవ్ (పొట్టలో చాలా భాగం కోసి తీసేసే ఆపరేషన్) వాళ్లలో 23 శాతం, మందులే వాడిన వాళ్లలో 5 శాతం. మందులతో ఎంత కష్టపడినా దిగనివాళ్లకే కదా ఈ ఆపరేషన్! దిగితేనే చేస్తామంటే ఎలా?

పైగా త్వరగా దించడానికి ఇన్సులిన్ పెంచుతారు. దాంతో బరువు పెరుగుతుంది. షుగర్ ముదిరేకొద్దీ ప్యాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాల సత్తా తగ్గుతుంది కాబట్టి, ఆలస్యమైన కొద్దీ ఆపరేషన్ ఇచ్చే ఫలితమూ తగ్గుతుంది. అన్నిటికంటే నాకు భయం ఏమిటంటే, ఒకసారి వెనక్కి పంపితే కొందరు మళ్లీ ఆ గుమ్మం ఎక్కరు.

ఓర్పు:

షుగర్ ఉన్నవాళ్లకు మందులు, ఇన్సులిన్ వాడకం నేర్పే నర్సుని నేను. ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లనీ, చేయించుకుని వచ్చినవాళ్లనీ చూస్తుంటాను. నిక్కచ్చి గారు చెప్పిన అంకెలు సరైనవే. కానీ ఆ అంకెలు చెప్పేది ఐదేళ్ల తర్వాతి మాట. వాయిదా వేసిన డాక్టర్ భయపడేది ఆపరేషన్ జరిగిన మొదటి పది పదిహేను రోజుల గురించి. షుగర్ బాగా ఎక్కువగా ఉన్న ఒంట్లో తెల్ల రక్తకణాలు సరిగా పనిచేయవు, కోత త్వరగా మానదు, ఇన్ఫెక్షన్ పట్టే అవకాశం పెరుగుతుంది. బైపాస్‌లో పొట్టకీ పేగుకీ వేసిన అతుకు గట్టిగా మానాలి. అక్కడ తేడా వస్తే ప్రాణం మీదికి వస్తుంది.

అయితే 8 అన్నది రాతిమీద గీత కాదు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, అత్యవసరం కాని ఏ ఆపరేషన్‌కైనా వీలైనంత వరకు 8 లోపు ఉండాలంటుంది. బ్రిటన్‌లో 8.5 అంటారు. 7.9 ఉన్నవాళ్లు క్షేమం, 8.1 ఉన్నవాళ్లు ప్రమాదం అని ఎవరూ అనరు.

నన్నడిగితే ఆ అంకె కంటే ముఖ్యమైనది ఆపరేషన్‌కి ముందు వారాల్లో మందులు ఎలా మారుస్తారన్నది. మీ తమ్ముడు వాడే మందుల్లో రెండు మూడు చోట్ల నిజంగా జాగ్రత్త కావాలి.

మొదటిది డాపాగ్లిఫ్లోజిన్. ఇది షుగర్‌ని మూత్రంలోకి పంపేస్తుంది. తిండి బాగా తగ్గినప్పుడు ఈ మందు వాడితే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు రక్తంలో పేరుకుని కీటోయాసిడోసిస్, అంటే రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వచ్చే స్థితి, రావచ్చు. ఆ సమయంలో మీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆపరేషన్ తాలూకు బాధే అనుకుంటారు. ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందు ఆపాలి. పొట్ట ఆపరేషన్‌కి అడ్డొచ్చే కాలేయాన్ని కుదించడానికి ముందు రెండు వారాలు తక్కువ కేలరీల డైట్, దాదాపు 800 నుంచి 1000 కేలరీలు, ఇచ్చేటట్లయితే అది మొదలయ్యే ముందే ఆపడం గురించి డాక్టర్‌ని అడగండి.

రెండోది గ్లిమెపిరైడ్, ఇన్సులిన్. ఆ డైట్ మొదలైన రోజు నుంచే ఇవి పాత మోతాదులో పడితే షుగర్ డౌన్ అవుతుంది. 70 కంటే దిగితే లో షుగర్ కిందే లెక్క. చెమటలు, వణుకు, గుండెదడ వస్తాయి. గ్లిమెపిరైడ్ మామూలుగా ఆపేస్తారు, ఇన్సులిన్ ఎంత తగ్గించాలో మీటర్ రీడింగ్‌లు చూసి చెప్తారు. ఇది ఇంట్లో సొంతంగా తేల్చుకునే పని కాదు. ఎవరికి ఫోన్ చేయాలో రాసి పెట్టుకోండి.

మూడోది మందు కాదు, కళ్లు. తొమ్మిదేళ్ల షుగర్‌లో రెటీనా దెబ్బతిని ఉండవచ్చు. ఎక్కువ షుగర్ ఒక్కసారిగా పడిపోతే ఆ దెబ్బ కొన్నాళ్లు ముదురుతుంది. కంటిపాప పెద్దది చేసి చూసే పరీక్ష ఆపరేషన్‌కి ముందే చేయించండి. వాయిదా వల్ల దొరికిన సమయం దేనికైనా పనికొస్తుందంటే ముందు దీనికే.

నిక్కచ్చి:

ఓర్పు గారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. కానీ వీటిలో ఏదీ వాయిదాకి కారణం కాదు కదా. మందులు మార్చడం, కళ్లు చూపించుకోవడం తేదీ ఇచ్చి కూడా చేయించవచ్చు. "తగ్గించుకుని రండి" అని ఇంటికి పంపేసి, ఎలా తగ్గించుకోవాలో చెప్పకపోవడమే నాకు కష్టంగా ఉంది.

ఓర్పు:

ఆ మాటకి నా దగ్గర ఎదురు లేదు. సాయం చేయకుండా షరతు పెట్టడం తప్పే.

కొత్తఊపిరి:

నేను స్లీవ్ చేయించుకున్నాను. ఆపరేషన్ తర్వాత ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికే ఇన్సులిన్ ఆపేశారు, బరువు ఇంకా తగ్గకముందే! ఇప్పుడు ఒక్క మాత్ర కూడా లేదు. నాకు షుగర్ పోయింది. మీటర్ కూడా పక్కన పెట్టేశాను. మీ తమ్ముడికి ధైర్యం చెప్పండి, ఇంత టెన్షన్ అక్కర్లేదు.

తెల్లకాగితం:

కొత్తఊపిరి గారూ, మీ సంతోషం చూస్తే నాకూ సంతోషమే. ఒక్క మాట మాత్రం కాదనాలి. పోయింది అనకండి, అణిగింది అనండి. మందులు ఆపేశాక కనీసం 3 నెలల పాటు హెచ్‌బీఏ1సీ 6.5 లోపు ఉంటే ఉపశమనం, అంటే రెమిషన్, అనాలని 2021లో అంతర్జాతీయ నిపుణులు తేల్చారు. నయమైంది అనే మాట కావాలనే వాడలేదు.

స్వీడన్‌లో చాలా ఏళ్లు సాగిన ఎస్‌ఓఎస్ అధ్యయనం చూడండి. ఆపరేషన్ చేయించుకున్న షుగర్ రోగుల్లో 2 ఏళ్లకి 72 శాతం మందికి షుగర్ అణిగింది. 15 ఏళ్లకి ఆ సంఖ్య దాదాపు 30 శాతానికి దిగింది. నాకు బైపాస్ అయింది, కొన్నేళ్లు బాగానే ఉంది, తర్వాత షుగర్ మళ్లీ మెల్లగా ఎక్కింది. ఇప్పుడు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఆపరేషన్ దండగ అని నేను ఒప్పుకోను. అదే అధ్యయనంలో ఆపరేషన్ అయినవాళ్లకి షుగర్ వల్ల వచ్చే కంటి, కిడ్నీ, నరాల జబ్బులు తక్కువగా వచ్చాయి. కానీ మీటర్ పక్కన పెట్టేసి, ఏటా చేయించే కంటి పరీక్ష, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష, పాదాల పరీక్ష మానేస్తే, తిరిగొచ్చిన సంగతి తెలిసేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది.

కొత్తఊపిరి:

నేను మంచి మాట చెబుదామని వచ్చాను, మీరు 15 ఏళ్ల తర్వాతి సంగతి చెప్తున్నారు. ఆపరేషన్‌కి ముందు రోజూ నాలుగు పోట్లు పొడుచుకున్నవాళ్లకి తెలుస్తుంది ఈ స్వేచ్ఛ విలువ. అయినా సరే, ఏటా పరీక్ష అన్నారు కదా, అది చేయిస్తాను. రోజూ గుచ్చుకోవడం మాత్రం నా వల్ల కాదు.

తెల్లకాగితం:

రోజూ అక్కర్లేదండి, ఏటా అవి చాలు. మధ్యలో ఒక హెచ్‌బీఏ1సీ. దానికీ ఒక మెలిక ఉంది. ఈ ఆపరేషన్ల తర్వాత ఐరన్, బీ12 లోపాలు రావడం మామూలే. మెట్‌ఫార్మిన్ కూడా బీ12ని తగ్గిస్తుంది. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ అంకె నిజం చెప్పకపోవచ్చు. ఐరన్ లోపంలో ఉన్నదాని కంటే ఎక్కువ చూపించవచ్చు. రక్తంలో ఐరన్, బీ12 కూడా చూపించుకోకుండా ఆ ఒక్క అంకెని నమ్మకండి. గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసే పరీక్ష మాత్రం వద్దని చెప్పండి. బైపాస్ అయినవాళ్లకి ముఖ్యంగా అది పడదు, కళ్లు తిరిగి పడిపోవచ్చు.

ఓర్పు:

ఇంకోటి చేరుస్తాను, దీన్ని చాలామంది షుగర్ తిరిగొచ్చిందనో గుండెజబ్బనో అనుకుంటారు. బైపాస్ అయ్యి ఏడాది దాటాక కొందరికి తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో షుగర్ బాగా పడిపోతుంది. తీపి, పిండి పదార్థాలు పేగులోకి ఒక్కసారిగా దిగి ఇన్సులిన్ అతిగా ఊరడమే దీనికి మూలం. ఏ మందూ వాడనివాళ్లకి కూడా వస్తుంది. పడిపోయినప్పుడు గ్లూకోజ్ తీసుకోవాలి, కానీ అంతటితో ఆపితే అదే తీపి మళ్లీ ఇంకో పతనానికి దారితీస్తుంది. తేరుకోగానే ప్రోటీన్ ఉన్నదేదైనా కొంచెం తినాలి. మాటిమాటికీ వస్తుంటే డాక్టర్‌కి చెప్పాలి, దీనికి డైట్ మార్పులూ మందులూ ఉన్నాయి. బండి నడిపేవాళ్లు మరీ జాగ్రత్త.

నీలిమేఘం:

అందరికీ చాలా థాంక్సండి. తమ్ముడి చేత ఇవన్నీ చదివించాను. కంటి పరీక్ష వాడు ఎప్పుడు చేయించుకున్నాడో వాడికే గుర్తు లేదు, ముందు అది చేయిస్తాం. వాడి అనుమానం ఒకటి. ఇప్పటి నుంచి గట్టిగా కట్టడి చేసినా మూడు నెలల సగటు కదా, నెల తర్వాత మళ్లీ 8.6 వస్తే ఇంకో వాయిదానా? ఇంకోటి, ఆపరేషన్ అయ్యాక మాత్రలన్నీ ఒకేసారి ఆపేస్తారా?

నిక్కచ్చి:

చూశారా, నేను భయపడింది ఇదే. గడువు లేని వాయిదా.

ఓర్పు:

మంచి ప్రశ్న అడిగారు. హెచ్‌బీఏ1సీ వెనకబడి నడిచే అంకె. ఇవాళ షుగర్ అదుపులోకి వచ్చినా అది పూర్తిగా కనబడాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే నెలకి వెళ్లినప్పుడు ఇంట్లో తీసిన రీడింగ్‌ల పుస్తకం తీసుకెళ్లండి. ఫ్రక్టోసమైన్ అనే రక్తపరీక్ష గత రెండు మూడు వారాల సంగతి చెప్తుంది, అది చేయించమని అడగండి. రోజూ రీడింగ్‌లు 100 నుంచి 180 మధ్య నిలుస్తుంటే, కాగితం మీద 8.6 ఉన్నా మాట్లాడే అవకాశం ఉంటుంది. ఆపరేషన్ రోజు చుట్టూ కూడా వాళ్లు చూసేది ఆ 100–180 నే. ఇప్పుడే "ఏ తేదీన మళ్లీ చూస్తారు, ఏది చూసి ఒప్పుకుంటారు" అని రాయించుకోండి.

ఆపరేషన్ తర్వాత గ్లిమెపిరైడ్ మళ్లీ మొదలుపెట్టరు, ఇన్సులిన్ మొదటి రోజుల్లోనే బాగా తగ్గిస్తారు. డాపాగ్లిఫ్లోజిన్, మీ తమ్ముడు సరిగా తినడం, నీళ్లు తాగడం మొదలుపెట్టేదాకా వద్దు. మెట్‌ఫార్మిన్ చాలామందికి కొనసాగుతుంది, కిడ్నీలు బాగుంటే. అయితే మెల్లగా కరిగే పెద్ద మాత్ర కాకుండా మామూలు మాత్రో, ద్రవరూపమో అడగండి, బైపాస్ తర్వాత మెల్లగా కరిగే మాత్ర సరిగా ఒంటపట్టదు. తొమ్మిదేళ్ల షుగర్, పైగా ఇన్సులిన్ వాడుతున్నాడు కాబట్టి అన్నీ ఆగిపోకపోవచ్చు. ఒక్క మెట్‌ఫార్మిన్‌తో 6.8 దగ్గర నిలిస్తే కూడా 9.4 నుంచి అది చాలా పెద్ద మార్పు. ఈ మాట ముందే చెప్పి ఆపరేషన్‌కి పంపండి.

తెల్లకాగితం:

ఇది చదివే టైప్ 1 వాళ్లకి ఒక్క మాట. ఇన్సులిన్ ఆగిపోయిన కబుర్లు మీకు వర్తించవు. మోతాదు తగ్గుతుందే కానీ ఎప్పటికీ ఆపకూడదు, ఆపరేషన్ రోజు ఏమీ తినకపోయినా సరే.

నిక్కచ్చి:

నీలిమేఘం గారూ, తేదీ రాసివ్వమంటే వాళ్లు ఏమన్నారో ఇక్కడ తప్పకుండా చెప్పండి. ఇవ్వబోమని వాళ్లంటే మాత్రం ఇంకో చోట రెండో అభిప్రాయం తీసుకోమనే అంటాను.