నిమ్మగడ్డి నూనె తీసే డ్రమ్ములో ఆవిరి వేడి సరిగ్గా తెలిసేదెలా?

అరకు_గడ్డి:
మాది అరకు దగ్గర. ఇంటి వెనక చిన్న స్టీలు డ్రమ్ములో నిమ్మగడ్డి నూనె తీస్తున్నాం. అడుగున నీళ్లు, పైన జాలీ మీద గడ్డి, కట్టెల పొయ్యి. మూతకు బిగించిన డయల్ మీటరు 92 దగ్గర ఆగిపోతోంది. నూనె మాత్రం వస్తోంది. 100 రావాలి కదా, మంట పెంచాలా?

సెన్సార్_మెకానిక్:
పెంచకండి. మీ దగ్గర 100 రాదు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. దాదాపు 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుంది. ఆవిరిలో నూనె కలిసినందువల్ల తగ్గేది ఒక డిగ్రీ కూడా ఉండదు.
మిగతా తేడా మీటరు బిగించిన చోటు వల్ల కావచ్చు. డయల్ మీటర్ల కాడ పొట్టిగా ఉంటే కొన ఆవిరి మధ్యలోకి అందదు. కాడలోని వేడి మూత రేకులోకి, అక్కడి నుంచి బయటి గాలిలోకి పోతుంది. అందుకే తక్కువ చూపిస్తుంది. పొడుగు కాడ మీటరు పెట్టి, ఆవిరి గొట్టం మొదలయ్యే నోటికి కాస్త కింద, ఆవిరి దారి మధ్యలో కొన ఉండేలా చూడండి. మూతపైన గ్లాస్‌వూల్ కప్పండి. ముందుగా మీటరు కొనను గిన్నెలో మరిగే నీళ్లలో ముంచి చూడండి. అక్కడ 97 చూపిస్తే మీటరు మంచిదే, చోటే తప్పు.

భాగ్యనగర్_హాబీ:
నాకు ఉల్టా సమస్య. హైదరాబాద్‌లో 98 దగ్గర ఉండాలి, నా పీటీ100 (ప్లాటినం తీగ నిరోధాన్ని బట్టి వేడి చెప్పే సెన్సార్) మాత్రం 101 చూపిస్తోంది. మరిగే నీళ్లలో పెట్టినా అంతే.

సెన్సార్_మెకానిక్:
రెండు వైర్ల సెన్సారా? పొడుగు వైరు వేశారా? పీటీ100లో డిగ్రీకి నిరోధం 0.385 ఓమ్‌లే మారుతుంది. వైరులో ఒక ఓమ్ అదనంగా ఉంటే రెండున్నర డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. మూడు వైర్లది, దానికి సరిపోయే మీటరుతో వేయండి. చాలామంది వాడే డిజిటల్ సెన్సార్ డీఎస్18బీ20 కూడా 85 దాటాక అరడిగ్రీ కచ్చితత్వానికి హామీ ఇవ్వదు.

గోదారి_అరోమా:
అందరూ ఒకటి గమనించండి. సరిచూసిన మీటరు మీ ఊరి మరుగు స్థానం కంటే రెండు మూడు డిగ్రీలు పైకి పోతుంటే లోపల ఒత్తిడి పెరుగుతున్నట్టే. సముద్రమట్టం దగ్గర 105 అంటే అదనంగా 0.2 బార్ (మామూలు గాలి ఒత్తిడిలో దాదాపు ఐదో వంతు) ఉన్నట్టు. పల్చని డ్రమ్ము మూతకు అది చిన్న బరువు కాదు. గడ్డి ముక్కలు గొట్టానికి అడ్డుపడి ఉండొచ్చు. వెంటనే మంట లాగేయండి, చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు. గొట్టం నోటి దగ్గర జాలీ, మూతకు సేఫ్టీ వాల్వు తప్పనిసరి. దయచేసి దీన్ని వాయిదా వేయకండి.

అరకు_గడ్డి:
గిన్నెలో 97 చూపించిందండీ. పొడుగు కాడది తెస్తాను, వాల్వు కూడా పెట్టిస్తాను. మరి నూనె అయిపోయిందని వేడిని బట్టి తెలుస్తుందా?

గోదారి_అరోమా:
తెలియదు తమ్ముడూ. నూనె ఉన్నా అయిపోయినా ఆవిరి వేడి దాదాపు అంతే. నెట్‌లో కనిపించే 78 డిగ్రీల లెక్కలు ఆల్కహాల్‌వి, మన గడ్డికి పనికిరావు. నూనె, నీళ్లు విడిపోయే సెపరేటర్‌లో నూనె పొర పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడండి. మీటరు చెప్పేది రెండే: ఆవిరి పైదాకా చేరిందా, ఒత్తిడి పెరుగుతోందా.