బాఖ్‌మన్ శీర్షికకి "అరువు కాలం" సరిపోతుందా?

ఆస్ట్రియా కవయిత్రి ఇంగెబోర్గ్ బాఖ్‌మన్ తొలి కవితా సంపుటి "డీ గెష్టుండెటె ట్సైట్" పేరును తెలుగులో కొందరు "అరువు కాలం" అన్నారు. వినడానికి బాగుంది. కానీ నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదండీ.

జర్మన్‌లో "ష్టుండే" అంటే గంట. దాన్నుంచి వచ్చిన "ష్టుండెన్" మాత్రం అప్పుల లెక్కల్లోది: బాకీ కట్టాల్సిన తేదీని అప్పిచ్చినవాడు వాయిదా వేయడం. శీర్షికలోని "గెష్టుండెటె" దాని రూపమే, "ట్సైట్" అంటే కాలం. 2020లో మన బ్యాంకులు ఈఎంఐలకి ఇచ్చిన మారటోరియం లాంటిది. బాకీ మాఫీ కాలేదు, ఈ నెలకి అడగరు, అంతే. "అరువు" అనగానే మనం తెచ్చుకున్న వస్తువు మీదకి దృష్టి పోతుంది, ఇచ్చినవాడు పక్కకి తప్పుకుంటాడు. పైగా ఈ గడువుని ఎప్పుడైనా రద్దు చేసేయొచ్చని అదే పేరున్న కవిత మొదట్లోనే చెప్పేస్తుంది.

పుస్తకం వచ్చింది 1953లో. ఆవిడ 1926లో క్లాగెన్‌ఫుర్ట్‌లో పుట్టారు. టీచరైన తండ్రి 1932లోనే నాజీ పార్టీలో చేరాడు. 1938లో హిట్లర్ సైన్యం ఊళ్లోకి రావడమే తన బాల్యాన్ని ముక్కలు చేసిందని ఆవిడ తర్వాత ఒక ఇంటర్వ్యూలో అన్నారు. యుద్ధమయ్యాక వియన్నాలో హైడెగర్ తత్వశాస్త్రం మీద డాక్టరేటు, ఆపైన అమెరికన్లు నడిపిన రోట్-వైస్-రోట్ రేడియోలో ఉద్యోగం. ఆస్ట్రియాలో విదేశీ సైన్యాలు 1955 దాకా ఉన్నాయి. యుద్ధం తాలూకు లెక్కలు తేలకుండానే అందరూ మామూలు జీవితంలో పడిపోతున్న రోజులవి. ఆ బాకీ గురించే ఈ శీర్షిక అని నేను చదువుకుంటాను.

1973లో రోమ్‌లో ఇంట్లో అంటుకున్న మంటల్లో కాలి, కొన్ని వారాలకి చనిపోయారు కాబట్టి దీన్ని జోస్యంలా చదివేవాళ్లూ ఉన్నారు. నాకది చిరాకు. మధ్యలో జర్మన్ సాహిత్యంలో పెద్దదైన బ్యూష్నర్ బహుమతి, "మాలినా" నవల, ఫ్రాంక్‌ఫుర్ట్ ఉపన్యాసాలతో ఇరవై ఏళ్ల పని ఉంది.

మరి తెలుగులో ఏమనాలి? "గడువిచ్చిన కాలం" అంటే గడువు ఇచ్చింది కాలమే అన్నట్టు వినిపిస్తుంది. "వాయిదా పడ్డ కాలం" అంటే అసలు ఇంకా మొదలే కాలేదనుకుంటారు, కోర్టు కూడా గుర్తొస్తుంది. "బెయిలు మీదున్న మనిషి" అంటాం కదా, ఆ వాడుకలోనే "గడువు మీదున్న కాలం" అంటే ఎలా ఉంటుంది? కవిత్వానికి మరీ పొడిగా ఉందనిపిస్తే, జర్మన్ మాట కూడా బ్యాంకు కాగితాల్లో కనిపించేదేనండీ. ఇంతకంటే మంచిది తట్టినవాళ్లు కింద రాయండి, "అరువు" తప్ప.