పాల్ హామ్ ఏథెన్స్ స్వర్ణం వెనక్కి ఇచ్చేయాల్సిందా?

నల్లకుంట_నాని:
అమెరికా జిమ్నాస్ట్ పాల్ హామ్ పేరెత్తితే నాకు 2004 ఏథెన్సే గుర్తొస్తుంది. పురుషుల ఆల్‌రౌండ్‌లో (ఆరు అంశాల మార్కులూ కలిపే పోటీ) హామ్‌కి 57.823, కొరియా కుర్రాడు యాంగ్ టే-యంగ్‌కి 57.774. ప్యారలల్ బార్స్‌లో (రెండు సమాంతర కడ్డీల మీద విన్యాసం) యాంగ్ స్టార్ట్ వాల్యూ, అంటే విన్యాసం కష్టాన్ని బట్టి ఇచ్చే గరిష్ఠ మార్కు, 10 కావాలి, జడ్జీలు 9.9 వేశారు. ఆ 0.1 కలిపితే స్వర్ణం యాంగ్‌దే. ముగ్గురు జడ్జీలను అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య సస్పెండ్ కూడా చేసింది. అయినా హామ్ పతకం ఇవ్వలేదు. ఆ కెరీర్‌కి అదో మచ్చ.

మిల్వాకీ_మూర్తి:
మళ్లీ మొదలెట్టారా! ఆ ప్యారలల్ బార్స్ వీడియో పూర్తిగా చూడండి. కడ్డీల మీద మూడుసార్లకు మించి కదలకుండా ఆగకూడదు, యాంగ్ నాలుగుసార్లు ఆగాడు. 0.2 కోత పడాలి, పడలేదు. మీరు 0.1 కలిపితే నేను 0.2 తీసేస్తా. హామ్ వాల్ట్‌లో (పరుగెత్తుకొచ్చి బల్ల మీంచి గెంతే అంశం) పడి 9.137తో 12వ స్థానానికి జారినవాడు, చివరి రెండు అంశాల్లోనూ 9.837 తెచ్చుకుని గెలిచాడు. దాని గురించి ఒక్కరూ మాట్లాడరు.

ఉప్మా_వద్దు:
రజతం కిమ్ డే-యున్‌ది, 57.811. తేడా 0.012. అతని గోడు ఎవరికీ పట్టదా?

నల్లకుంట_నాని:
ఎన్నిసార్లు ఆగాడన్నది జడ్జి కంటికి సంబంధించింది. స్టార్ట్ వాల్యూ లెక్క. రెండూ ఒకటెలా అవుతాయి?

మిల్వాకీ_మూర్తి:
లెక్కే అయితే టైముకి అడగాలి. కొరియా వాళ్లు పోటీ అయిపోయాక అడిగారు. అక్టోబరులో క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు ఆ కేసు కొట్టేసింది.

నల్లకుంట_నాని:
గడువు మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. మా చెల్లికి డిగ్రీలో ఒక పేపర్ మార్కులు తప్పు కూడారు. తప్పేనని ఒప్పుకున్నారు, కానీ రీకౌంటింగ్ గడువు దాటిందని మార్చలేదు. దాని ఏడాది పోయింది.

మిల్వాకీ_మూర్తి:
అందులో హామ్ చేసిందేముందండీ? పక్క బెంచీ అమ్మాయి మార్కులు తీసి మీ చెల్లికి ఇవ్వమన్నారా?

నల్లకుంట_నాని:
నోరు జాగ్రత్త. మా ఇంటి విషయం మీకు నవ్వులాటా?

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి.

మిల్వాకీ_మూర్తి:
నవ్వులాట కాదు, నిజంగానే అడుగుతున్నా. సమాఖ్య అధ్యక్షుడు బ్రూనో గ్రాండి ఏం చేశాడు? ఫలితం తాను మార్చడట, నీ అంతట నువ్వే ఇచ్చేయమని హామ్‌కి లేఖ రాశాడు. తప్పు వాళ్ల జడ్జీలది, పరువు పోవాల్సింది 21 ఏళ్ల కుర్రాడిదా? అమెరికా ఒలింపిక్ కమిటీ ఆ లేఖను తిప్పికొట్టి మంచి పని చేసింది.

నల్లకుంట_నాని:
ఆ లేఖ పిరికి పనే, కాదనను. అసలు నా కోపం సమాఖ్య మీదే. 2002 సాల్ట్ లేక్‌లో జంట స్కేటింగ్‌కి రెండు స్వర్ణాలు ఇచ్చారుగా, ఇక్కడేం అడ్డొచ్చింది?

మిల్వాకీ_మూర్తి:
ఈ మాట మొదటే అనుంటే ఇంత గొడవ ఉండేది కాదు. అయినా ఒప్పుకోను. అక్కడ జడ్జి మీద ఒత్తిడి తెచ్చారన్న ఆరోపణ ఉంది. ఇక్కడ ఉన్నది వట్టి పొరపాటు.

ఉప్మా_వద్దు:
2003లో అనాహైమ్‌లో ప్రపంచ ఆల్‌రౌండ్ టైటిల్ గెలిచిన తొలి అమెరికన్ పురుషుడు హామే. ఏథెన్స్‌లోనే టీమ్ రజతం, హై బార్ రజతం. 2008లో చెయ్యి విరిగి బీజింగ్‌కి ముందే తప్పుకున్నాడు. ఇవేవీ కెరీర్‌లోకి రావా?

నల్లకుంట_నాని:
వస్తాయి. మూర్తిగారూ, పొరపాటని ఒప్పుకున్నాక కూడా దిద్దకూడదంటారా?

మిల్వాకీ_మూర్తి:
దిద్దండి. ఆ 0.2తో సహా.