26 జీబీ లాగ్ డిలీట్ చేశా, అయినా డిస్క్ 100 శాతమే చూపిస్తోంది

పెన్నా_ఒడ్డు:
అన్నలూ అర్జెంట్. కాలేజీ ఫీజుల సైటు, ఉబుంటు లైనక్స్ మీద టామ్‌క్యాట్ (సైటుని నడిపే జావా సర్వర్), మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, 40 జీబీ డిస్క్. పొద్దున్నుంచి పేమెంట్ పేజీ తిరుగుతూనే ఉంది, రేపే ఆఖరు తేదీ, పిల్లలు ఒకటే ఫోన్లు. లాగ్‌లో చూస్తే 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్'. టామ్‌క్యాట్ లాగ్ ఫైలు కాటలినా డాట్ అవుట్ 26 జీబీకి పెరిగి ఉంటే ఆర్ఎం కొట్టి డిలీట్ చేసేశా, అయినా డీఎఫ్‌లో (డిస్క్ ఎంత నిండిందో చెప్పే కమాండ్) 100 శాతమే, ఫైళ్ల సైజులు కూడే డీయూ కొడితేనేమో 12 జీబీయే. రూట్‌గా (అడ్మిన్ యూజర్) ఫైల్లో ఏదైనా రాస్తే పడుతోంది, టామ్‌క్యాట్ యూజర్‌తో రాస్తే పడట్లేదు. పర్మిషన్ల గొడవా ఇది?

లాగ్_కాపలా:
పర్మిషన్లు కాదు తమ్ముడూ. నువ్వు తీసేసింది పేరు మాత్రమే, టామ్‌క్యాట్ ఆ ఫైలుని ఇంకా తెరిచే పెట్టుకుంది, అది వదిలేదాకా కెర్నల్ (లైనక్స్ అసలు గుండెకాయ) ఆ జాగా తిరిగివ్వదు. ఎల్ఎస్ఓఎఫ్ ప్లస్ ఎల్1 కొట్టు (డిలీట్ అయినా ఇంకా తెరిచి ఉన్న ఫైళ్లు చూపించే కమాండ్), చివర 'డిలీటెడ్' అని ఉన్న లైను కనిపిస్తుంది. టామ్‌క్యాట్ రీస్టార్ట్ చేస్తే చాలు. మైఎస్‌క్యూఎల్‌ని మాత్రం కిల్ చేయకు, డిస్క్ నిండితే అది చాలాసార్లు జాగా దొరికేదాకా ఆగి నిమిషానికోసారి చూసుకుంటుంది, నీ పేజీ తిరుగుతున్నది అందుకే అయ్యుంటుంది.

సీమ_అడ్మిన్:
రూట్‌కి ఎందుకు పడుతోందంటే, ఈఎక్స్‌టీ4 (లైనక్స్ డిస్క్‌లో ఫైళ్లు సర్దే ఫైల్ సిస్టమ్) మామూలుగా 5 శాతం రూట్‌కని పక్కన పెడుతుంది, నీ దాంట్లో అది 2 జీబీ. దాన్ని తగ్గించాలని చూడకు, ఇలాంటి రోజు లాగిన్ అయి బాగుచేసుకోడానికి అదే దిక్కు.

పెన్నా_ఒడ్డు:
దొరికింది అన్నా! జావా (అంటే టామ్‌క్యాటే) పక్కన 26 జీబీ, డిలీటెడ్ అని. రీస్టార్ట్ చేయగానే డీఎఫ్ 32 శాతానికి వచ్చింది, పేమెంట్లు పడుతున్నాయి. చాలా థ్యాంక్స్. మళ్లీ నిండకుండా లాగ్‌రొటేట్‌లో (పాత లాగ్‌లు పక్కకు తీసే టూల్) కాపీట్రంకేట్ ఆప్షన్ పెట్టనా?

లాగ్_కాపలా:
పెట్టు, కానీ అది ముందు కాపీ తీసి తర్వాత ఖాళీ చేస్తుంది కాబట్టి లాగ్ ఎంతుందో అంత జాగా ఖాళీగా ఉండాలి. సైజ్ 500 ఎంబీ అని రాసినా లాగ్‌రొటేట్ రోజుకొక్కసారే నడుస్తుంటే ఆ మధ్యలో ఎంతైనా పెరగొచ్చు, గంటకోసారి నడిచేలా పెట్టు. అసలు రోజూ అంత లాగ్ ఏం రాస్తోందో కూడా చూడు, డీబగ్ లెవెల్ (ప్రతి చిన్న విషయమూ లాగ్‌లో రాసే సెట్టింగ్) ఎవరో ఆన్‌లో వదిలేసి ఉంటారు.