బోరు నీళ్లలో సబ్బు నురగ రాదేం? పదో తరగతి ప్రాజెక్టుకు సాయం కావాలి

ప్రశ్న (పదో తరగతి విద్యార్థిని):
అందరికీ నమస్కారం. ప్రాజెక్టుకి సబ్బులు, డిటర్జెంట్లు అంశం తీసుకున్నాను. మా బోరు నీళ్లతో ఎంత రుద్దినా సబ్బు నురగ రాదు, బకెట్ అంచుకి తెల్లగా జిడ్డులాంటిది పట్టేస్తుంది. అవే నీళ్లలో సర్ఫ్ వేస్తే నురగే నురగ. ఊరికే "కఠిన జలం కాబట్టి" అని రాస్తే మా సార్ ఒప్పుకోరు. ఇంట్లో చేసి చూపించే ప్రయోగం కూడా ఏదైనా చెప్పండి.

జవాబు (సైన్స్ టీచరు):
ఆ తెల్ల జిడ్డులోనే నీ జవాబు ఉందమ్మా. సబ్బంటే కొవ్వు ఆమ్లం తాలూకు సోడియం లవణం. సోడియం స్టియరేట్‌నే తీసుకో. పొడవాటి హైడ్రోకార్బన్ తోక జిడ్డులోకి దూరుతుంది, రుణావేశమున్న కార్బాక్సిలేట్ తల నీటివైపు ఉంటుంది. ఇలాంటివి బోలెడు చేరి జిడ్డును చుట్టుముడితే అదే మిసిలి, మీ పుస్తకంలో బొమ్మ ఉంటుంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం అయాన్లు ఉంటాయి, అవి ఎక్కువుంటేనే కఠిన జలం అంటాం. ఒక్కో కాల్షియం అయాన్‌కు రెండు ధనావేశాలు, కాబట్టి రెండు స్టియరేట్లను పట్టుకుంటుంది. అలా పుట్టే కాల్షియం స్టియరేట్ నీళ్లలో కరగదు. బకెట్‌కి పట్టిన తెట్టు అదే.

ఇంకో మాట. "సబ్బు నురగ రాదు" అని రాయకు, "ఎక్కువ సబ్బు పడుతుంది" అని రాయి. మొదట రుద్దిన సబ్బంతా ఆ అయాన్లకే ఖర్చయిపోతుంది. అవి తీరాక మిగిలిన సబ్బు నురగ ఇస్తుంది. ఒకప్పుడు ల్యాబుల్లో కూడా నీటి కాఠిన్యాన్ని సబ్బు ద్రావణంతోనే కొలిచేవాళ్లు.

డిటర్జెంట్‌లో తోక దాదాపు అలాంటిదే, తల వేరు. కార్బాక్సిలేట్ బదులు సల్ఫోనేట్ గానీ సల్ఫేట్ గానీ ఉంటుంది. వాటి కాల్షియం లవణాలు సబ్బు లవణాల్లా తేలిగ్గా తెట్టు కట్టవు.

జవాబు (డిటర్జెంట్ యూనిట్‌లో కెమిస్ట్‌ని):
సార్ చెప్పింది కరెక్టే, కానీ ప్రయోగానికి సర్ఫ్ పొడి వాడకు చెల్లీ. పొడుల్లో మామూలుగా బట్టల సోడా, జియోలైట్ లాంటివి కలుపుతారు. అవి కాల్షియాన్ని ముందే పట్టేస్తాయి. అప్పుడు నురగ డిటర్జెంట్ గొప్పదనమా, సోడా గొప్పదనమా తేలదు. దాని బదులు షాంపూ తీసుకో. ఇంకొకటి, నురగ ఎక్కువొస్తే మురికి ఎక్కువ పోతుందనేం లేదు. ముందు తలుపుండే వాషింగ్ మెషీన్ల పొడులు కావాలనే తక్కువ నురగ వచ్చేట్టు చేస్తారు.

జవాబు (సైన్స్ టీచరు):
మంచి పాయింటు. అయితే ప్రయోగం ఇలా చెయ్యి. బ్యాటరీల షాపులో డిస్టిల్డ్ వాటర్ అడుగు (యాసిడ్ కాదు, ఉత్త నీళ్లే అని రెండుసార్లు అడిగి తీసుకో). ఆ డిస్టిల్డ్ వాటర్ 100 మిల్లీలీటర్లలో ఒక గ్రాము సబ్బు తురుము కరిగించు. ఒకే సైజు సీసాలు మూడు తీసుకుని వాటిలో డిస్టిల్డ్ వాటర్, ఆర్వో నీళ్లు, మీ బోరు నీళ్లు 10 మిల్లీలీటర్ల చొప్పున పొయ్యి. ఒక్కో చుక్క సబ్బు ద్రావణం వేస్తూ గట్టిగా కుదుపు. రెండు నిమిషాలు చెదరని నురగ రావడానికి ఎన్ని చుక్కలు పట్టాయో రాసుకో. షాంపూతో మళ్లీ చెయ్యి. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం (కాల్షియం కార్బోనేట్ లెక్కలో) లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా. రిపోర్టులో పనికొస్తుంది.

వ్యాఖ్య (గృహిణి):
కుంకుడు రసం కూడా ఒక సీసాలో వేసి చూడమ్మా. మా బోరు నీళ్లకు అదే దిక్కు.

జవాబు (సైన్స్ టీచరు):
తప్పక చెయ్యండి. కుంకుడులో నురగ తెచ్చేవి సాపోనిన్లు. వాటిలో నీటిని ఇష్టపడే భాగం చక్కెర అణువులు. అది సబ్బూ కాదు, డిటర్జెంటూ కాదు. ప్రాజెక్టులో ఆ కుంకుడు సీసాయే అందరి కళ్లలో పడుతుంది.

వ్యాఖ్య:
కాస్టిక్ సోడా, కొబ్బరి నూనెతో సబ్బు తయారు చేసి చూపిస్తే ఇంకా బాగుంటుంది కదా?

జవాబు (కెమిస్ట్‌ని):
పెద్దవాళ్లు పక్కన లేకుండా వద్దు. 100 గ్రాముల కొబ్బరి నూనెకు సుమారు 18 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. నీళ్లలో కలపగానే పొగలు కక్కేంత వేడెక్కుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. సోడాను నీళ్లలో కొంచెం కొంచెంగా వెయ్యాలి, నీళ్లను సోడా మీద పొయ్యకూడదు. అల్యూమినియం గిన్నె అసలు పనికిరాదు, అది కరిగి హైడ్రోజన్ వస్తుంది. స్కూలు ల్యాబులో సార్ ముందు చెయ్యడమే నయం.

ప్రశ్నించిన విద్యార్థిని:
చేశాను సార్! బోరు నీళ్లకు చాలా చుక్కలు పట్టాయి. మరిగించి చల్లార్చి చూస్తే కాస్త తగ్గాయి గానీ ఆర్వో నీళ్లంత కాలేదు. గిన్నె అడుగున తెల్ల పొడి మిగిలింది. ఎందుకు?

జవాబు (సైన్స్ టీచరు):
తెల్ల పొడి చాలావరకు కాల్షియం కార్బోనేట్. మరిగిస్తే బైకార్బొనేట్ విడిపోయి అలా దిగుతుంది, అది తాత్కాలిక కాఠిన్యం. మిగిలింది సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చే శాశ్వత కాఠిన్యం, మంటకు పోదు. మరిగించిన నీళ్లు 100 మిల్లీలీటర్లకు చిటికెడు బట్టల సోడా కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లతో మళ్లీ చుక్కలు లెక్కపెట్టు. వంట సోడా కాదు సుమా, రెండూ వేరు.