అప్‌డేట్: హనుమకొండ నుంచి లేహ్ బైక్ ట్రిప్

హిమాలయాల్లోని మనాలి–లేహ్ దారిలో పెట్రోల్‌కి ఏం చేయాలి, ఈదురుగాలిని ఎలా తట్టుకోవాలి అని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా, క్షేమంగా వెళ్లొచ్చాను. బైక్‌ను కాజీపేటలో రైలెక్కించి ఢిల్లీ దాకా పంపాను. ట్యాంక్ పూర్తిగా ఖాళీ చేస్తేనే పార్సిల్ తీసుకున్నారు.

మనాలి దాటాక వచ్చే తాండి బంకులో ట్యాంక్ నింపి, ఐదు లీటర్ల పెట్రోల్ క్యాన్ కట్టుకోమన్న మీ సలహా కాపాడింది. ఎదురుగాలికి మైలేజీ బాగా పడిపోయింది.

అసలు టెన్షన్ మోరే మైదానంలో. దానికి ముందు మజిలీ పాంగ్‌లో పొద్దున్నే బయల్దేరాల్సింది, టీ, మ్యాగీ అంటూ పదకొండు చేశాను. తప్పు నాదే. మధ్యాహ్నం పక్కగాలికి సైడ్ బ్యాగులు తెరచాపలయ్యాయి. బండిని గాలివైపు వాల్చి, నలభై దాటకుండా నడిపాను. ములుగు రోడ్డు మీద చేసిన ప్రాక్టీసంతా గాలికే పోయింది! 5,328 మీటర్ల ఎత్తున్న తంగ్‌లాంగ్ లా కనుమ దగ్గర తలనొప్పితో ఒక ఫోటో దిగి వెంటనే కిందికి వచ్చేశాను.

అమ్మ కట్టిచ్చిన సకినాలు మాత్రం లేహ్ చేరేసరికి పిండి అయిపోయాయి.